గోల్లో ఎవరిని నిలబెడుతున్నారు?

రెండు తెలుగు రాష్ట్రాల్లో పిల్లలకు హాకీ నేర్పుతున్న పీఈటీ సార్లకు, మేడమ్‌లకు, కోచ్‌లకు, జిల్లా సెలక్షన్లలో కుర్చీ వేసుకుని కూర్చునే పెద్దలకు,

నమస్కారం.

నేను గోల్‌కీపర్‌ని. ఎనిమిదో తరగతిలో కట్టుకున్న ప్యాడ్లు యూనివర్సిటీ జట్టు దాకా విప్పలేదు. అక్కడితో నా ఆట ఆగింది. తర్వాత ఉద్యోగం, సంసారం. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే మా ఊరి కాలేజీ గ్రౌండుకు వెళ్లి, గోల్‌కీపింగ్ నేర్చుకుంటామన్న పిల్లలకు బంతులు కొడుతుంటాను. నాకు ఏ సంఘంలోనూ పదవి లేదు. అందుకే ఈ నాలుగు మాటలు పదిమందిలో చెబుతున్నాను.

ఈ మధ్య ఒక అండర్-14 అమ్మాయిల సెలక్షన్ చూశాను. పిల్లలందరినీ వరసలో నిలబెట్టారు. ‘ఫార్వర్డ్ ఎవరమ్మా?’ అనగానే సగం చేతులు లేచాయి. ‘హాఫ్? ఫుల్‌బ్యాక్?’ అంటే ఇంకొన్ని లేచాయి. ‘గోల్‌కీపర్?’ అన్నప్పుడు ఒక్క చెయ్యీ లేవలేదు. సార్ వరస చివరిదాకా చూసి, కాస్త ఒళ్లున్న ఒక పాపకు వేలు చూపించి, ‘నువ్వు నిలబడమ్మా, నీకు పరిగెత్తే పని ఉండదు’ అన్నారు. మిగతా పిల్లలు నవ్వారు. ఆ పాప ఏమీ అనలేదు. వెళ్లి కిట్ సంచి దగ్గర కూర్చుంది.

ఆ సంచి సంగతి కూడా చెప్పాలి. ఎడమ ప్యాడ్‌కు కింది పట్టీ తెగిపోతే సైకిల్ ట్యూబు ముక్కతో ముడి వేసి ఉంది. కిక్కర్లు, అంటే పాదాలకు తొడిగేవి, పెద్దవాళ్ల సైజు. పాప కాలు లోపల అటూ ఇటూ ఆడుతుంటే పాత గుడ్డలు కుక్కారు. హెల్మెట్‌లో స్పాంజి ఎండిపోయి పొడిపొడిగా రాలుతోంది. గొంతుకు కట్టే గార్డ్ అసలు లేనే లేదు. ఆ సంచిలోంచి వచ్చిన వాసన నాకు ముప్పై ఏళ్ల నాటి వాసనే. నేనూ సరిగ్గా అలాగే గోల్లోకి వెళ్లాను. నాకూ ఎవరో వేలు చూపించారు.

సెలక్షన్ అయ్యాక ఆ సార్‌తో టీ తాగాను. మంచి మనిషి. సొంత డబ్బుతో పిల్లలకు అరటిపళ్లు కొనిపెట్టే మనిషి. నేను అడిగితే ఆయన దాపరికం లేకుండా చెప్పారు: ‘గోల్స్ కొట్టేవాళ్లుంటే కప్పులు వస్తాయి సార్. ఆపేవాళ్లదేముంది, ఎవరో ఒకరు దొరుకుతారు. గొప్ప గోల్‌కీపర్ లేకపోతే ఛాంపియన్లు కాలేమా ఏంటి?’

ఆయన అడిగింది సరైన ప్రశ్నే. ప్రపంచంలో హాకీ ఆడే ప్రతిచోటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న అది. దానికి నాకు తెలిసినంతలో నిజాయితీగా జవాబు చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు ఆయన వైపు ఉన్న నిజాలు ఒప్పుకుంటాను. గొప్ప గోల్‌కీపర్ అవసరం పడకుండానే కప్పు గెలిచిన జట్లున్నాయి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు 5 మ్యాచుల్లో 29 గోల్స్ కొట్టారు. గోల్లో ఉన్న రిచర్డ్ అలెన్ ఒక్కటీ వదల్లేదు. అలెన్ గొప్పవాడే. కానీ ధ్యాన్‌చంద్ అటువైపు కొడుతుంటే, ఇటువైపు ఆయన స్థానంలో ఇంకెవరున్నా బంగారం వచ్చేదేమో. 1932లో అమెరికా మీద 24-1. అంత దూరం ఎందుకు, మొన్న 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు చూడండి. మనవాళ్లు 7 మ్యాచుల్లో 68 గోల్స్ కొట్టి, ఫైనల్లో జపాన్‌ని 5-1తో ఓడించి స్వర్ణం తెచ్చుకున్నారు. అక్కడ కీపర్ల చేతుల్లో ఆట ఒక్కసారీ ఊగిసలాడలేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. గొప్ప గోల్‌కీపర్ ఉన్నా గెలవని జట్లూ ఉన్నాయి. 2012 లండన్ ఒలింపిక్స్ జట్టులో గోల్‌కీపర్ శ్రీజేష్ ఉన్నాడు. మనం 12 జట్లలో 12వ స్థానంలో నిలిచాం. 2023 ప్రపంచకప్‌లో భువనేశ్వర్‌లో సొంత జనం ముందు న్యూజిలాండ్ మీద 3-1 ఆధిక్యంలో ఉండి, 3-3కి తెచ్చుకుని, షూటౌట్‌లో (సమంగా ముగిస్తే ఒక్కొక్క ఆటగాడు కీపర్‌ను ఒంటరిగా ఎదుర్కొని తేల్చుకునే పద్ధతి) ఇంటికి పోయాం. ఆ రోజూ గోల్లో శ్రీజేష్ ఉన్నాడు. షూటౌట్ మధ్యలో గాయపడి పక్కకు వెళ్లాల్సి వచ్చింది. ముందున్న పదిమంది చేతికొచ్చిన ఆధిక్యాన్ని జారవిడిస్తే వెనకున్న ఒక్కడు ఎంతని మోస్తాడు?

మా అక్క కొడుకు కెనడాలో ఎడ్మంటన్‌లో ఉంటాడు. అక్కడ మంచు మీద ఆడే హాకీలోనూ ఇదే వాదన. వాళ్ల ఊరి జట్టు ఆయిలర్స్‌లో కానర్ మెక్‌డేవిడ్ ఉన్నాడు, దాడిలో ప్రపంచంలోనే అతనికి సాటి లేరంటారు. ఆ జట్టు 2024లో, మళ్లీ 2025లో ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్లి రెండుసార్లూ ఫ్లోరిడా చేతిలోనే ఓడింది. ఫ్లోరిడా గోల్లో ఉన్నది ఏడాదికి కోటి డాలర్ల ఒప్పందం మీద తెచ్చుకున్న బాబ్రోవ్‌స్కీ. ‘చూశావా మావయ్యా, కీపర్‌కి డబ్బు పెట్టినవాడే గెలిచాడు’ అంటాడు మావాడు. కానీ అదే లీగ్‌లో హెన్రిక్ లుండ్‌క్విస్ట్, కేరీ ప్రైస్ లాంటి మహా గోల్‌కీపర్లు ఒక్క కప్పు కూడా ఎత్తకుండానే ఆట ముగించారు. 2022లో కొలరాడో గెలిచినప్పుడు దాని గోల్‌కీపర్ పేరు ఆ లీగ్‌లోని మొదటి వరస పేర్లలో లేదు. అంటే అక్కడా లెక్క తేలలేదు.

కాబట్టి ‘గొప్ప గోల్‌కీపర్ ఉంటే చాలు కప్పు వస్తుంది’ అని నేను అనడం లేదు. ఎవరైనా అంటే నమ్మకండి.

మరి నేను చెప్పేదేంటంటే, కప్పుల లెక్క దగ్గరగా చూడండి. ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టు హాకీ స్వర్ణం గెలిచింది నాలుగుసార్లు. 1966, 1998, 2014, ఆపై హాంగ్‌ఝౌ. హాంగ్‌ఝౌ సంగతి పైన చెప్పాను. మిగతా మూడూ చూద్దాం.

1966 బ్యాంకాక్. ఫైనల్లో పాకిస్తాన్ మీద 1-0. ఆ జట్టు కెప్టెన్ శంకర్ లక్ష్మణ్, గోల్‌కీపర్. భారత హాకీ జట్టుకు కెప్టెన్ అయిన మొదటి గోల్‌కీపర్ ఆయనే. అంతకు రెండేళ్ల ముందు టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లోనూ పాకిస్తాన్ మీద అదే 1-0, గోల్లో అదే మనిషి. 1-0తో గెలిచిన మ్యాచ్‌లో గోల్ కొట్టినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది. రెండో వైపున్న ఆ సున్నా ఎవరు రాశారని అడగరు.

1998, మళ్లీ బ్యాంకాక్. ముప్పై రెండేళ్ల తర్వాత వచ్చిన స్వర్ణం. మన హైదరాబాద్ నుంచి మూడు ఒలింపిక్స్ ఆడిన ఎన్. ముఖేష్ కుమార్ ఆ జట్టులో ఉన్నారు. ఫైనల్లో దక్షిణ కొరియాతో సమంగా నిలిచి టైబ్రేకర్‌కి వెళితే, నిలబెట్టింది ఆశిష్ బల్లాల్. గోల్‌కీపర్.

2014 ఇంచియాన్. పాకిస్తాన్‌తో 1-1. షూటౌట్ 4-2. శ్రీజేష్. రియో ఒలింపిక్స్‌కి నేరుగా టికెట్ దొరికింది కూడా ఆ రోజే.

నాలుగింటిలో మూడు. ఇది ఏదో పనిగట్టుకుని ఏరి చూపించిన జాబితా కాదు, ఉన్నవే నాలుగు.

ఇప్పుడు ప్రపంచ స్థాయికి వెళ్దాం. 2018 భువనేశ్వర్ ప్రపంచకప్ ఫైనల్ బెల్జియం, నెదర్లాండ్స్ మధ్య 0-0, షూటౌట్‌లో బెల్జియం. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ఫైనల్ బెల్జియం, ఆస్ట్రేలియా మధ్య 1-1, మళ్లీ షూటౌట్, మళ్లీ బెల్జియం. రెండుసార్లూ గోల్లో విన్సెంట్ వనాష్. 2023 ప్రపంచకప్ ఫైనల్ జర్మనీ, బెల్జియం మధ్య 3-3, షూటౌట్‌లో జర్మనీ. 2024 పారిస్ ఫైనల్ నెదర్లాండ్స్, జర్మనీ మధ్య 1-1, షూటౌట్‌లో నెదర్లాండ్స్. పురుషుల హాకీలో వరసగా నాలుగు పెద్ద ఫైనళ్లు, నాలుగూ గోల్‌కీపర్ ఎదుట ఒంటరి ఆటగాడిని నిలబెట్టి తేల్చినవే. పారిస్‌లో మహిళల ఫైనల్ కూడా అంతే.

పైస్థాయిలో జట్ల మధ్య తేడా అంత సన్నబడిపోయింది. ఫిట్‌నెస్ సమానం, టర్ఫ్ సమానం, వీడియోలు చూసి ఒకరినొకరు చదివేసుకున్నారు. అరవై నిమిషాలు కొట్టుకుని సమంగా మిగిలితే చివరికి ఆట వచ్చి చేరేది ఒక్క మనిషి దగ్గరికి. అటువైపు ఆటగాడు 23 మీటర్ల గీత దగ్గర బంతి పెట్టుకుని బయలుదేరతాడు. ఎనిమిది సెకన్లు. కీపర్ ముందుకు రావాలి, కానీ తొందరపడి పడుకోకూడదు. పడుకుంటే అటువాడు పక్కకు లాగి ఖాళీ గోల్లో తోస్తాడు. నిలబడే ఉంటే కాళ్ల మధ్య నుంచి కొడతాడు. కాళ్లు చిన్న చిన్న అడుగులేస్తూ ఉండాలి, కర్ర నేల మీద పరిచి ఉండాలి, మనసులో సెకన్లు నడుస్తూ ఉండాలి. ఆరో సెకను దాకా అతన్ని పక్కకు నెట్టగలిగితే ఏడో సెకనులో అతనికే కంగారు పుడుతుంది. ఇదంతా ‘నీకు పరిగెత్తే పని ఉండదు’ అని నిలబెట్టిన పిల్లకు వచ్చే విద్య కాదండి.

2016 రియోలో బ్రిటన్ మహిళల జట్టు గోల్‌కీపర్ మ్యాడీ హించ్ ఫైనల్ షూటౌట్‌లో డచ్ (నెదర్లాండ్స్) వాళ్లు వేసిన నాలుగింటినీ ఆపేసింది. ఎవరు ఎటు తిరుగుతారో, ఎవరికి ఏ పక్క అలవాటో ముందే నోట్‌బుక్‌లో రాసి పెట్టుకునేది. పరీక్షకు చదువుకున్నట్టు చదువుకుని వచ్చింది. ఎదుటివాళ్లు అప్పటికి రెండుసార్లు వరసగా ఒలింపిక్ స్వర్ణం గెలిచిన జట్టు.

షూటౌట్ దాకా ఎందుకు, పెనాల్టీ కార్నర్ ఒక్కటి చాలు, అంటే గోల్ గీత మీద నుంచి తోసిన బంతిని డీ అంచున ఆపి గోల్లోకి కొట్టే అవకాశం. గోల్ వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14. డీ, అంటే గోల్ ముందు గీసిన వంపు గీత, దాని అంచు గోల్ స్తంభాలకు 14.63 మీటర్ల దూరం. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చిన డ్రాగ్‌ఫ్లిక్ (బంతిని కర్రతో ఈడ్చి విసిరే షాట్) ఆ దూరం దాటడానికి అర సెకను పట్టదు. మధ్యలో మన రషర్ (కొట్టేవాడి మీదకు ఉరికే మన డిఫెండర్) అడ్డం పరిగెత్తుతుంటాడు, చూపు కాసేపు మూసుకుపోతుంది. బంతి కనిపించేసరికి చెయ్యో కాలో అప్పటికే అక్కడ ఉండాలి. నేను ఆడిన మట్టి గ్రౌండ్లలో బంతి రాయి తగిలి ఎగిరేది. కణత మీద ఒకసారి తగిలింది, ఇప్పటికీ మచ్చ ఉంది. ఆ దెబ్బకంటే ఎక్కువ నొప్పి పెట్టింది వేరే ఉంది.

నా తొమ్మిదో తరగతిలో ఒక జోనల్ ఫైనల్. గోల్స్ లేకుండా ముగిసింది. అప్పట్లో షూటౌట్ లేదు, ఒక్కొక్కరూ ఆగి ఉన్న బంతిని కీపర్ మీదకు నేరుగా కొట్టే పెనాల్టీ స్ట్రోకులే. ఆ మ్యాచ్‌కు ముందు నాకు ఎవరూ ఒక్కరోజు కూడా స్ట్రోకులు ప్రాక్టీస్ చేయించలేదు. ఐదింటిలో నాలుగు లోపలికి పోయాయి. తిరిగి వచ్చే బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. కిట్ సంచి ఒళ్లో పెట్టుకుని ఊరి దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మా ఫార్వర్డ్‌లు ఆ రోజు మ్యాచ్ మొత్తం మీద ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయారన్న సంగతి మా సార్ గానీ నేను గానీ అప్పుడు గమనించలేదు.

ఇది చెప్పింది సానుభూతి కోసం కాదు. గోల్‌కీపర్ మీద నింద ఎలా పడుతుందో మీకు గుర్తుచేయడానికి. దేశం మొత్తం మీద ఇలాంటిది ఒకసారి జరిగింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో 1-7తో ఓడాం. గోల్లో మీర్ రంజన్ నేగి. డిఫెన్స్ చెల్లాచెదురై, అటువాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఒంటరిగా దూసుకొస్తుంటే ఆయన ఒక్కడే దొరికాడు జనానికి. డబ్బు తీసుకుని అమ్ముడుపోయాడన్నారు. మనిషి ఆటకే దూరమయ్యాడు. అదే నేగి 1998లో స్వర్ణం గెలిచిన జట్టుకు గోల్‌కీపింగ్ కోచ్, 2002లో మాంచెస్టర్ కామన్‌వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన మహిళల జట్టు వెనకా ఉన్నాడు.

ఇప్పుడు టోక్యో చూడండి. 2021 జులై 25న ఆస్ట్రేలియా మనల్ని ఓడించింది. స్కోరు అదే, 1-7. గోల్లో శ్రీజేష్. ఈసారి ఎవరూ అతన్ని ద్రోహి అనలేదు, తీసి పక్కన పెట్టలేదు. మరుసటి మ్యాచ్‌కి మళ్లీ అతన్నే నిలబెట్టారు. పదకొండు రోజుల తర్వాత, ఆగస్టు 5న, కాంస్యం కోసం జర్మనీతో మ్యాచ్. 5-4తో మనం ముందున్నాం. ఏడు సెకన్లు కూడా మిగల్లేదు, జర్మనీకి పెనాల్టీ కార్నర్. అతను ఆపాడు. 41 ఏళ్ల తర్వాత ఒలింపిక్ పతకం వచ్చింది. ఆ గోల్ స్తంభం మీద ఎక్కి కూర్చున్న ఫొటో మీ స్టాఫ్ రూమ్‌లో కూడా ఉండే ఉంటుంది.

ఏడు గోల్స్ ఇచ్చుకున్న ఇద్దరు కీపర్లు. తేడా వాళ్ల చేతుల్లో కంటే వాళ్ల వెనక నిలబడ్డవాళ్లలో ఎక్కువ ఉందని నేను నమ్ముతాను. పిల్లల జట్టులో ఆ వెనక నిలబడే మనిషి మీరే.

ఆ శ్రీజేష్ కూడా పుట్టుకతో గోల్‌కీపర్ కాదు. కేరళలో ఎర్నాకుళం దగ్గర పల్లె నుంచి తిరువనంతపురం స్పోర్ట్స్ స్కూలుకు వచ్చినప్పుడు పరుగు, లాంగ్‌జంప్, వాలీబాల్ ఆడేవాడు. ఆ శరీరాన్ని, ఆ చురుకును చూసి ఒక కోచ్ గోల్లోకి రమ్మన్నాడు. పరిగెత్తలేనివాణ్ని కాదు, పరిగెత్తగలవాణ్ని, ఎగరగలవాణ్ని ఏరి తీసుకున్నాడు. కిట్ కొనడానికి వాళ్ల నాన్న ఆవును అమ్మాడు. పారిస్‌లో బ్రిటన్‌తో క్వార్టర్‌ఫైనల్లో మన డిఫెండర్ రోహిదాస్‌కు రెడ్‌కార్డ్ పడి మనవాళ్లు మ్యాచ్‌లో చాలాభాగం పదిమందితోనే ఆడినప్పుడు, 1-1 దగ్గర ఆటను పట్టి ఉంచి షూటౌట్‌లో గెలిపించింది ఆ ఆవు డబ్బుతో మొదలైన చేతులే.

మనకూ ఒక పిల్ల ఉంది. పిల్ల అంటున్నాను కానీ పెద్ద క్రీడాకారిణి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెలోంచి వచ్చిన ఇ. రజని. గోల్‌కీపర్. టోక్యో వెళ్లిన భారత మహిళల బృందంలో మొదటి కీపర్ సవిత తర్వాత రిజర్వ్ కీపర్‌గా ఆమె ఉంది. సవిత అక్కడ క్వార్టర్‌ఫైనల్లో ఆస్ట్రేలియాని సున్నా దగ్గర నిలిపి 1-0తో సెమీస్‌కి తీసుకెళ్లినప్పుడు మనందరం చప్పట్లు కొట్టాం. రోజూ ప్రాక్టీస్‌లో పక్కనే కష్టపడి, మ్యాచ్ రోజు బయట కూర్చునే రెండో కీపర్ బతుకు ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలుసు. తర్వాత 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన మొదటి హాకీ ఫైవ్స్ (జట్టుకు ఐదుగురే ఆడే హాకీ) మహిళల ప్రపంచకప్‌లో రజని మన జట్టుకు కెప్టెన్. ఫైనల్ దాకా తీసుకెళ్లింది. మన గ్రౌండ్లలో ఎంతమంది పిల్లలకు ఆమె పేరు తెలుసో ఒకసారి అడిగి చూడండి. నేను అడిగాను. ఆదివారం వచ్చిన పిల్లల్లో ఒక్కరే చేయి ఎత్తారు.

డబ్బు విలువ దగ్గరకూ వద్దాం, ఎందుకంటే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు చూసేది అదే. 2024 అక్టోబరులో హాకీ ఇండియా లీగ్ వేలంలో మన హైదరాబాద్ తుఫాన్స్ డ్రాగ్‌ఫ్లికర్ గోంజాలో పెయాట్‌ను 68 లక్షలకు కొన్నారు. జర్మనీ గోల్‌కీపర్ డానెబర్గ్‌ను 27 లక్షలకు. కొట్టేవాడికి ఎక్కువ ఇవ్వడం నాకు తప్పనిపించదు, గోల్ పడకపోతే ఎవరూ గెలవరు. కానీ ఒక గోల్‌కీపర్‌కు 27 లక్షలు పెట్టి విదేశం నుంచి తెచ్చుకునే స్థానాన్ని మనం స్కూల్లో ‘ఎవరో ఒకరు దొరుకుతారు’ అని వదిలేస్తున్నాం. నాకు బాధ అక్కడ.

మిమ్మల్ని అడుగుతున్నవి పెద్దవేమీ కావు. అన్నిటికంటే ముందు, గోల్‌కీపర్‌ను చివర్లో ఎంచకండి, మొదట ఎంచండి. జట్టులో అందరికంటే చురుకైన చేయి ఎవరిదో, భయం తక్కువ ఎవరికో, ఓడిపోయాక కూడా మరుసటి బంతికి లేచి నిలబడేది ఎవరో చూడండి. కబడ్డీ, ఖోఖో ఆడే పిల్లల్లో వెతకండి. వాలీబాల్ పిల్లల్లో వెతకండి. క్రికెట్‌లో వికెట్ల వెనక నిలబడే పిల్లను అడగండి. ఒళ్లున్న పిల్లలు కీపర్లు కాకూడదని నేను అనడం లేదు, నేనూ అలా వచ్చినవాణ్నే. మిగిలిపోయింది కాబట్టి నిలబెట్టాం అన్న మాట ఏ పిల్ల చెవినా పడకూడదు. అంతే.

ప్రాక్టీస్‌లో వాళ్లను స్తంభానికి ఆనుకుని నిలబడనివ్వకండి. నేను ఆ పాపను ఆ తర్వాత ఒక రోజు గమనించాను. గంటన్నర ప్రాక్టీస్‌లో ఆమె మీదకు వచ్చిన బంతులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. మిగతాసేపు అటువైపు పిల్లలు పాసింగ్ చేస్తుంటే ఇటు ఎండలో నలభై నిమిషాలు హెల్మెట్ పెట్టుకుని నిలబడింది. మీకు గోల్‌కీపింగ్ రాకపోయినా ఫరవాలేదు. టెన్నిస్ బంతులు ఒక సంచి నిండా తీసుకుని ఆరు గజాల నుంచి చేత్తో విసరండి. ఎడమ, కుడి, మోకాలి ఎత్తు, భుజం ఎత్తు. పావుగంట చాలు. వారానికి మూడు రోజులు అలా చేస్తే రెండు నెలల్లో పిల్ల అడుగు మారిపోతుంది, నేను నా కళ్లతో చూశాను. ప్రాక్టీస్ చివర్లో ఐదు షూటౌట్లు పెట్టండి. కొట్టే పిల్లలకూ అది కావాలి.

కిట్ గురించి సంఘాల పెద్దలకు చెబుతున్నాను. కర్రలు ఇరవై కొంటారు, మంచిదే. అందులో నాలుగు తగ్గించి అయినా సరే, పిల్లల సైజులో కిక్కర్లు, లెగ్‌గార్డ్‌లు, గొంతుకు గార్డ్ ఒక జత కొనండి. కీపర్ కిట్ ఖరీదు ఒక పల్లె కుటుంబం పెట్టుకోగలిగింది కాదు. ఆవులు అమ్మితేగానీ కీపర్లు పుట్టకూడదా? గొంతు గార్డ్ లేకుండా ఏ పిల్లనూ గోల్లోకి పంపకండి. ఈ ఒక్క విషయంలో నేను ప్రాధేయపడుతున్నాను. 160 గ్రాముల గట్టి బంతి అది.

సెలక్షన్లలో కూర్చునేవాళ్లకు ఒక మాట. కీపర్‌ను ఎంపిక చేసేటప్పుడు ఎన్ని గోల్స్ పడ్డాయని మాత్రమే చూడకండి. బలహీనమైన జట్టు కీపర్ మీద ఎక్కువే పడతాయి. ఎన్ని ఆపింది, పడ్డాక ఎలా లేచింది, డిఫెన్స్‌ను నోరు తెరిచి పిలుస్తోందా లేదా చూడండి. జట్టుకు ఇద్దరు కీపర్లను తీసుకెళ్లండి. రెండో పిల్లకు లీగ్ దశలో ఒక మ్యాచ్ అయినా ఇవ్వండి. రోజుల తరబడి ప్రయాణం చేసి, బెంచీ మీద కూర్చుని, ప్యాడ్లు తడవకుండానే తిరిగొచ్చే పిల్లలు మరుసటి ఏడాది రావడం మానేస్తారు. అలా మానేసినవాళ్లు నాకు నలుగురైదుగురు తెలుసు.

ఓడిపోయిన రోజు బస్సులో ఆ పిల్ల పక్కన ఎవరైనా కూర్చోండి. ఏమీ మాట్లాడకపోయినా పరవాలేదు.

ఆ అండర్-14 పాప ఇప్పుడు ఆదివారాలు మా దగ్గరికి వస్తోంది. వాళ్ల అమ్మ పాలు పోసే బండి మీద దింపి వెళుతుంది. పాత కిక్కర్లలో గుడ్డలు తీసేసి, ఒక మిత్రుడు పంపిన చిన్న సైజువి ఇచ్చాం. మొదటి రెండు వారాలు బంతి వస్తుంటే కళ్లు మూసుకునేది. ఇప్పుడు మూసుకోవడం లేదు. పోయిన వారం నన్ను అడిగింది, ‘సార్, షూటౌట్‌లో ఎనిమిది సెకన్లు మనసులో లెక్కపెట్టుకోవాలా, పైకి లెక్కపెట్టాలా?’ అని. ముప్పై ఏళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న. పైకే లెక్కపెట్టమన్నాను, అటువాడికి కూడా వినపడనీ అన్నాను.

మేం ఆరింటికి మొదలుపెడతాం. తెలుగు రాష్ట్రాల్లో ఏ జిల్లా కోచ్ అయినా, ఏ పీఈటీ అయినా, వీలు చూసుకుని ఒక ఆదివారం రండి. మీ స్కూల్ కీపర్‌ను కూడా వెంటబెట్టుకుని రండి. గ్రౌండు పెద్దది, గోల్ అటు చివర చింతచెట్ల కింద ఉంటుంది. వెతుక్కోనక్కర్లేదు. గేటు దాటగానే ‘ఒకటి, రెండు, మూడు’ అని ఒక పిల్ల గొంతు వినిపిస్తుంది. నేరుగా అటు వచ్చేయండి.

ఇట్లు,
మీ గ్రౌండ్లలో పెరిగిన ఒక గోల్‌కీపర్